ఇంటి కథ, ఇంటి కాగితం

కాలిఫోర్నియాలోని శాన్ హోసే చుట్టుపక్కల ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ఒక శనివారం తీసుకెళ్లి చూపించే ఇల్లు ఒకటి ఉంది. పేరు వించెస్టర్ మిస్టరీ హౌస్. లోపల ఒక మెట్ల వరుస పైకి వెళ్లి నేరుగా ఇంటి కప్పుకు తగిలి ఆగిపోతుంది. పై అంతస్తులో ఒక తలుపు ఉంటుంది. దాన్ని తీసి అడుగు వేస్తే గది ఉండదు, కింద తోటలోకి పడిపోవడమే. ఇంకో తలుపు తీస్తే ఎదురుగా గోడ. సుమారు 160 గదులు, 2,000 తలుపులు, 10,000 కిటికీ అద్దాలు, 47 మెట్ల వరుసలు. గంటకు పైగా తిరిగి బయటికొచ్చాక చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "పాపం, ఆవిడకు పిచ్చి."

ఈ అధ్యాయం ఆ ఒక్క మాట గురించే. ఒక మనిషి జీవితం మీద మనం ఇంత తేలిగ్గా ముద్ర ఎలా వేస్తాం? వేసేముందు ఏం చూడాలి? దీనికి నాకు తెలిసిన మంచి పాఠం ఆ ఇంటి చరిత్రలోనే ఉంది. ఆ ఇల్లు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చింది, ఏ ఏడు ఏం కట్టారు, ఏం కూలింది అన్నది వరుసగా చదివితే చాలు. మనం ఇతరుల గురించి, చివరికి మన గురించి మనం కూడా, ఎంత తొందరపడి తీర్పు చెబుతామో అర్థమవుతుంది.

అందరూ చెప్పే కథ

ముందు కథ వినండి. వించెస్టర్ తుపాకుల కంపెనీ యజమాని కోడలు సారా. ఆమె పసిబిడ్డ చనిపోయింది, తర్వాత భర్త చనిపోయాడు. దుఃఖంలో ఉన్న ఆమె బోస్టన్‌లో సోదె చెప్పే ఒకాయన దగ్గరికి వెళ్లింది. "మీ కంపెనీ తుపాకులకు బలైనవాళ్ల ఆత్మలు నిన్ను వెంటాడుతున్నాయి. పడమటి దిక్కుకు వెళ్లి ఇల్లు కట్టు. సుత్తి చప్పుడు ఆగిన రోజు నీ ప్రాణం పోతుంది" అని ఆయన చెప్పాడట. ఆమె కాలిఫోర్నియా వచ్చి 38 ఏళ్లు రాత్రీ పగలూ ఒక్క గంట కూడా ఆపకుండా ఇల్లు కట్టిస్తూనే ఉందట. దయ్యాలు దారి తప్పాలని కప్పుకు తగిలే మెట్లు, గోడలోకి తెరుచుకునే తలుపులు పెట్టించిందట.

కథ బాగుంది. ఒకసారి విన్నవాళ్లు మరిచిపోరు. 2018లో దీని మీద హెలెన్ మిరెన్ నటించిన సినిమా కూడా వచ్చింది. ఇక ఇప్పుడు కాగితాలు విప్పుదాం.

కాగితాలు చెప్పే సంగతి

సారా పుట్టింది 1839 ప్రాంతంలో, అమెరికా తూర్పు తీరాన కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో. తండ్రి లియొనార్డ్ పార్డీ వడ్రంగి. ఇళ్లకు కావలసిన తలుపులు, కిటికీలు, నగిషీ చెక్కపని చేసే కార్ఖానా నడిపి పైకి వచ్చినవాడు. అంటే చెక్కపొట్టు వాసన మధ్య పెరిగిన పిల్ల ఆమె. ఆ ఇంటి గురించి చెప్పే కథలో ఈ ఒక్క ముక్క ఎక్కడా వినపడదు. గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు పని ఉంది.

1862లో ఆమెకు విలియం వించెస్టర్‌తో పెళ్లయింది. 1866 జూన్‌లో కూతురు యానీ పుట్టింది. నలభై రోజులు తిరిగేసరికి, జూలైలో, ఆ బిడ్డ పోయింది. మళ్లీ పిల్లలు కలగలేదు. 1880లో తల్లి పోయింది. అదే ఏడాది చివర మామ ఆలివర్ వించెస్టర్ పోయాడు. 1881 మార్చిలో క్షయతో భర్త పోయాడు. ఏడాది తిరగకుండానే ముగ్గురు! కథ చెప్పేవాళ్లు బిడ్డ చావునూ భర్త చావునూ ఒకే ఊపిరిలో చెప్పేస్తారు. ఆ రెంటి మధ్య పదిహేనేళ్ల కాపురం ఉంది. ఆ పదిహేనేళ్లూ ఆమె ఇల్లాలుగా బతికింది. కథ మొదట చేసే పని ఇదే, కాలాన్ని మడతపెట్టేయడం.

భర్త పోయిన నాలుగేళ్లకు, 1885లో, ఆమె కాలిఫోర్నియా వచ్చింది. 1886లో శాంటా క్లారా లోయలో 45 ఎకరాల పొలం, అందులో ఇంకా పూర్తికాని ఎనిమిది గదుల ఇల్లు కొంది. దానికి 'లనాడ విల్లా' అని పేరు పెట్టుకుంది. చుట్టూ భూములు కలుపుకుని పండ్లతోటలు పెంచింది. ఆప్రికాట్లు, ప్లమ్ పండ్లు, వాల్‌నట్లు పండించి అమ్మింది. తోబుట్టువుల కుటుంబాలను దగ్గరికి తెచ్చుకుంది. సోదరి కూతురు మారియన్, మన లెక్కలో కూతురి వరసే, ఆమె దగ్గరే చాలా ఏళ్లు ఉంది.

ఇక్కడ ఒక చిన్న తీసివేత చేయండి. ఆమె చనిపోయింది 1922 సెప్టెంబరు 5న. ఇల్లు కొన్నది 1886లో. తేడా 36 ఏళ్లు. మరి కథలో 38 ఏళ్లు ఎలా వచ్చాయి? ఇల్లు కొనకముందే రెండేళ్ల పాటు అందులో సుత్తి చప్పుడు వినిపించాలి కదా! ఊరంతా నమ్మిన అంకె ఒక్క తీసివేతకు నిలబడలేదు.

రాత్రీ పగలూ ఆపకుండా కట్టించింది అన్న మాట కూడా అంతే. ఆమె బంధువులకు రాసిన ఉత్తరాలు ఉన్నాయి. అలసిపోయి, విశ్రాంతి కోసం పనివాళ్లను నెలల తరబడి పంపేసిన సంగతి వాటిలో ఉంది. మొదట్లో వాస్తుశిల్పులను పెట్టుకుంది. వాళ్ల పని నచ్చక మాన్పించింది. తర్వాత తానే గీతలు గీసి, వడ్రంగులకు చెప్పి, కట్టించి, నచ్చకపోతే విప్పించి మళ్లీ కట్టించింది. బోస్టన్ సోదె మాటకు ఆధారమైన కాగితం మాత్రం ఎక్కడా లేదు. మేరీ జో ఇగ్నోఫో అనే చరిత్రకారిణి ఉత్తరాలు, దస్తావేజులు, పాత పత్రికలు వెతికి 2010లో సారా జీవితచరిత్ర ప్రచురించింది. దయ్యాల కథ దాదాపు ఎక్కడా నిలవదని ఆమె చూపించింది.

ఆ కాలపు ఇళ్ల తీరు కూడా తెలియాలి. బ్రిటన్‌ను విక్టోరియా రాణి ఏలిన 1837–1901 మధ్య కట్టిన ఇళ్లను, వాటి తీరును విక్టోరియన్ అంటారు. అమెరికాలో ఆ కాలం చివర బాగా నడిచింది 'క్వీన్ ఆన్' అనే పద్ధతి. బురుజులు, ముందుకు పొడుచుకొచ్చిన కిటికీలు, ఒకదాని మీద ఒకటి ఎక్కిన కప్పులు, రంగుటద్దాలు, చెక్కతో చేసిన నగిషీలు దాని లక్షణాలు. ఆవిరి యంత్రాలతో నడిచే కోత మిల్లులు, కలపను ఊరూరికీ మోసే రైళ్లు వచ్చాక ఈ సొగసు అందరికీ అందుబాటులోకి వచ్చింది. కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ కలపకు కొదవ లేదు. కాబట్టి బురుజులూ వంకర కప్పులూ ఉన్నంత మాత్రాన అది దయ్యాల కొంప కాదు. ఆ రోజుల్లో డబ్బున్నవాళ్లు అలాగే కట్టుకున్నారు. సారా అందరికన్నా ఎక్కువ కట్టింది, అంతే.

మూడు వింతలు, మూడు సమాధానాలు

మొదటిది, పొట్టి మెట్లు. ఆ ఇంట్లో ఒకచోట 44 మెట్లు ఏడు మలుపులు తిరుగుతూ ఎక్కుతాయి. అన్నీ ఎక్కితే మనం చేరేది సుమారు తొమ్మిది అడుగుల ఎత్తుకు. ఒక్కో మెట్టు ఎత్తు రెండున్నర అంగుళాల లోపే. మన ఇళ్లలో మెట్టు ఆరేడు అంగుళాలు ఉంటుంది. చూసినవాళ్లు నవ్వుతారు. సారాకు కీళ్లవాతం. కాలు ఎత్తి పైమెట్టు మీద పెట్టలేని రోజులు ఆమెవి. రెండు అంగుళాలైతే కాలు ఈడ్చుకుంటూనైనా తన ఇంటి పైఅంతస్తుకు తాను వెళ్లగలదు. మోకాళ్ల నొప్పులతో మేడ మెట్ల దగ్గర ఆగిపోయిన మీ అమ్మనో నాయనమ్మనో ఒకసారి తలుచుకోండి. ఆ 44 మెట్లూ అప్పుడు మీకు అర్థమవుతాయి.

రెండోది, ఎటూ పోని తలుపులు, కప్పుకు తగిలే మెట్లు. 1906 ఏప్రిల్ 18 తెల్లవారుజామున శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతాన్ని పెద్ద భూకంపం కుదిపేసింది. సారా ఇంటి ఏడంతస్తుల బురుజు కూలిపోయింది. పై భాగాలు బాగా దెబ్బతిన్నాయి. ఆమె శిథిలాలు తీయించి, ప్రమాదంగా ఉన్న చోట్లు మూయించిందే కానీ, పోయిన అంతస్తులను మళ్లీ కట్టించలేదు. ఏడంతస్తుల ఇల్లు నాలుగంతస్తులైంది. పైనున్న గది పోతే దానికి ఎక్కే మెట్లు ఏమవుతాయి? కప్పు దగ్గర ఆగిపోతాయి. బయటి వసారా పోతే దానిలోకి తెరుచుకునే తలుపు ఏమవుతుంది? గాలిలోకి తెరుచుకుంటుంది. ఈ వింతల్లో చాలావాటిని దయ్యాల కోసం ఎవరూ కట్టలేదు, భూకంపం మిగిల్చి వెళ్లింది. పైగా అప్పటికి అరవై ఏడో ఏట ఉన్న సారా ఆ తర్వాత ఎక్కువగా తన వేరే ఇళ్లలోనే గడిపింది.

మూడోది, లేచే నేల. మొక్కలు పెంచుకునే గదిలో చెక్క నేల పలకలను పైకి ఎత్తవచ్చు. కింద జింకు రేకు పరిచి ఉంటుంది. మొక్కలకు పోసిన నీళ్లలో మిగిలినవి ఆ రేకు మీద జారి, గొట్టం గుండా బయటి తోటలోకి పోతాయి. ఒక్క చుక్క వృథా కాదు, చెక్క కుళ్లదు. ఇది దారి తప్పిన మనసు చేసే పనేనా? అదే ఇంట్లో వేడినీళ్ల స్నానపు ఏర్పాటు, లిఫ్టులు, ఏ గది నుంచి పిలిచారో పనివాళ్లకు తెలిపే గంటల పెట్టె ఉన్నాయి. వడ్రంగి కూతురి బుర్ర ఎక్కడెక్కడ పని చేసిందో ఇక మీరే చూసుకోండి.

ఆమె పోయాక ఏం జరిగింది

ఇంటి యాజమాన్య చరిత్రలో అసలు మలుపు ఇక్కడే ఉంది. సారా వీలునామాలో బంధువులకు, పనివాళ్లకు ఏర్పాట్లు ఉన్నాయి. ఆ పెద్ద ఇంటి ప్రస్తావన లేదు. సామాను మారియన్‌కు వచ్చింది. ఆమె కావలసినవి ఉంచుకుని మిగతావి వేలం వేయించింది. భూకంపానికి దెబ్బతిన్న, ఎవరికీ సరిపోని ఆ కట్టడానికి పెద్ద విలువ కట్టలేదు. చివరికి దాన్ని లీజుకు తీసుకుని తర్వాత సొంతం చేసుకున్నది జాన్ బ్రౌన్, మేమీ బ్రౌన్ దంపతులు. జాన్ బ్రౌన్ వినోదశాలలకు రోలర్ కోస్టర్లు కట్టినవాడు. సారా పోయి ఏడాది కూడా నిండకుండా, 1923లోనే, ఇల్లు టికెట్టుతో చూసే ప్రదర్శనశాల అయిపోయింది. 1924లో ఇంద్రజాలికుడు హౌడినీ వచ్చి చూసి వెళ్లాక దాని పేరు మరింత పాకింది. 1974లో అమెరికా జాతీయ చారిత్రక కట్టడాల జాబితాలో చేరింది. బ్రౌన్ దంపతుల వారసుల సంస్థే ఇప్పటికీ దాన్ని నడుపుతోంది.

బ్రౌన్ దంపతులు చేసింది నేరమని నేను అనను. వాళ్లు టికెట్లు అమ్మకపోతే ఆ ఇల్లు ఎప్పుడో నేలమట్టమయ్యేది. ఇల్లు బతికింది, కానీ ఆమె పేరు పోయింది. నిజం చెప్పాలంటే ఆమె బతికుండగానే పుకార్లు మొదలయ్యాయి. డబ్బున్న ఒంటరి విధవ, ఎవరినీ ఇంటికి పిలవదు, పత్రికలవాళ్లతో మాట్లాడదు, ఎప్పుడూ ఏదో కట్టిస్తుంటుంది. ఊరి నోటికి ఇంతకన్నా ఏం కావాలి? ఆమె ఒక్కసారి కూడా బదులు చెప్పలేదు. ఆ మౌనాన్ని ఊరు ఒప్పుకోలుగా రాసుకుంది.

మా ఇంటి పారీకత్తు

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోకండి. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా తాతయ్యలు ఇద్దరు, అన్నదమ్ములు. ఊళ్లో మండువా ఇల్లు పంచుకున్నప్పుడు చిన్నతాతయ్య వాటాలో రెండు గదులు ఎక్కువ పడ్డాయి. "అన్నను మోసం చేసి రాయించుకున్నాడు" అన్న మాట వింటూ మేం పెరిగాం. పండగలకు ఎదురుపడినా పలకరింపులు ముక్తసరిగానే ఉండేవి. చాలా ఏళ్ల తర్వాత ఇల్లు అమ్మాల్సి వచ్చింది. కొనేవాళ్లు లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు, అడిగారు. అటక మీది ట్రంకు పెట్టె దింపాం. పాత పారీకత్తు, అంటే పంపకాల దస్తావేజు, దొరికింది. మా తాతయ్య జబ్బు పడ్డప్పుడు చేసిన అప్పు మొత్తం తమ్ముడు తన తలకెత్తుకున్నాడనీ, అందుకు బదులుగా ఆ రెండు గదులు ఇస్తున్నాననీ మా తాతయ్యే సంతకం పెట్టి రాసి ఇచ్చాడు. దానికి గుచ్చి ఒక ప్రామిసరీ నోటు ఉంది. వెనక్కి తిప్పితే చెల్లు కట్టిన వరుసలు, ఒక్కో పంటకు ఒకటి. చివరి వరుసలో 'పూర్తిగా ముట్టినది' అని ఉంది. అన్నీ చిన్నతాతయ్య కట్టినవే.

అప్పటికి ఆయన పోయి తొమ్మిదేళ్లు. ఆయన చివరి రోజుల్లో నేను చూడడానికి వెళ్లలేదు. ఆ కాగితం పట్టుకుని నేను పడిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. ఈ అధ్యాయం రాయడానికి కారణం ఆ బాధే. అది మీకు రాకూడదు.

నాలుగు అలవాట్లు

ఒకటి: తేదీలు వరుసగా రాయండి. ఎవరి మీదైనా కోపంగా ఉన్నప్పుడు, ఎవరి గురించైనా ఒక కథ గట్టిగా నమ్ముతున్నప్పుడు, తెల్లకాగితం తీసుకుని జరిగినవి ఏడాది, నెల వేసి ఒకదాని కింద ఒకటి రాయండి. పక్కన విశేషణాలు వద్దు. 'పొగరుగా', 'కావాలని', 'మోసంతో' లాంటి మాటలు కొట్టేయండి. 1886లో కొంది, 1906లో కూలింది, 1922లో పోయింది అన్నట్టు పొడిగా ఉండాలి. కథలో పక్కపక్కనే ఉన్న రెండు సంఘటనల మధ్య పదిహేనేళ్లు ఉన్నాయని అప్పుడు బయటపడుతుంది. ముందు జరిగింది అనుకున్నది తర్వాత జరిగిందని తేలుతుంది. 'ఎప్పుడూ ఇంతే' అనుకున్న మనిషి రెండేరెండుసార్లు అలా చేశాడని తెలుస్తుంది.

రెండు: 'పిచ్చి' అనేముందు 'నొప్పి ఎక్కడ?' అని అడగండి. మనకు వింతగా కనిపించే ప్రతి ప్రవర్తన వెనకా ఒక అవసరం ఉండవచ్చు. ఆఫీసులో భోజనాల వేళ ఎవరితోనూ కూర్చోని మనిషికి పొగరు కాకపోవచ్చు, చెవి సరిగ్గా వినపడక నలుగురి మాటల్లో ఇబ్బంది పడుతుండవచ్చు. పెళ్లిళ్లకు రాని చుట్టానికి మన మీద కోపం లేకపోవచ్చు, కట్నం చదివించడానికి చేతిలో డబ్బు లేకపోవచ్చు. ప్రతి మనిషి ఇంట్లోనూ ఒక రెండు అంగుళాల మెట్టు ఉంటుంది. దాన్ని చూసి నవ్వేముందు ఆ మోకాలి గురించి ఆలోచించాలి.

మూడు: చెప్పేవాళ్లకు ఏం ఒరుగుతుందో చూడండి. 'నిప్పు లేనిదే పొగ రాదు' అంటారు. సారా విషయంలో నిప్పు కన్నా టికెట్ల కౌంటరే పెద్దది. ఒక కథ మీ దాకా వచ్చిందంటే దాన్ని ఎవరో మోసుకొచ్చారు. దానివల్ల వాళ్లకు లాభం ఏమిటి? కొన్నిసార్లు డబ్బు. చాలాసార్లు అంతకన్నా చిన్నవి: నలుగురిలో తన మాట వినబడాలన్న కోరిక, తన తప్పు కప్పుకోవాలన్న తొందర, పాత పగ. చెప్పినవాళ్లను అబద్ధాలకోరులు అనక్కర్లేదు. కథ ఎంత దూరం నుంచి, ఎన్ని నోళ్లు మారి వచ్చిందో తెలుసుకుంటే చాలు.

నాలుగు: తెలియని చోట ఖాళీ ఉంచండి. ఇది అన్నిటికన్నా కష్టం. సారా అంత పెద్ద ఇల్లు ఎందుకు కట్టింది? ఆమె ఎక్కడా రాసిపెట్టలేదు. తండ్రి నుంచి వచ్చిన ఇష్టమని కొందరు, దుఃఖం మరిచిపోవడానికని కొందరు అంటారు. ఆ ఇంటి చుట్టూ చాలామందికి పని దొరికిందన్నది నిజం. ఇందులో ఏది అసలు కారణమో తేల్చి చెప్పే కాగితం లేదు. అలాంటప్పుడు ఆ గడి ఖాళీగానే ఉండాలి. దయ్యాల కథ తీసేసి, దాని స్థానంలో మనకు నచ్చిన మరో కథ పెడితే మనం నేర్చుకున్నది ఏమీ లేదు. కాగితానికీ హద్దు ఉంటుంది. మన దగ్గర ఇల్లు కొనేటప్పుడు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయిస్తాం. రిజిస్టరైన లావాదేవీలే అందులో కనిపిస్తాయి, నోటి మాట మీద జరిగినవి కనిపించవు. అందుకే తెలివైనవాళ్లు ఈసీ ఒక్కటే చూసి ఊరుకోరు. లింకు డాక్యుమెంట్లు చూస్తారు, ఇంటికి వెళ్లి చూస్తారు, ఇరుగుపొరుగును అడుగుతారు. మనిషి విషయంలో కూడా ఒక్క ఆధారంతో తీర్పు చెప్పకూడదు.

మీ గురించి మీరు చెప్పుకునే కథ

ఇంతసేపూ ఇతరుల గురించి మాట్లాడుకున్నాం. ఈ నాలుగు అలవాట్లూ అన్నిటికన్నా ఎక్కువ అవసరమయ్యే చోటు మీ సొంత జీవితం. 'నేను ఏ పనీ పూర్తి చేయను', 'నాకు అదృష్టం లేదు', 'మొదటి నుంచీ నేనింతే' అని మనకు మనం చెప్పుకునే కథలు కూడా ఎన్నో నోళ్లు మారి వచ్చినవే. చిన్నప్పుడు ఒక మాస్టారు విసుగులో అన్న మాట, ఎవరో చుట్టం పోలిక పెట్టి అన్న మాట మనలో స్థిరపడి దస్తావేజులా చెలామణి అవుతుంది.

మీ జీవితానికి కూడా తేదీల కాగితం రాసుకోండి. మీలో ఉన్న 'గాలిలోకి తెరుచుకునే తలుపులు' చూడండి: సగంలో ఆగిన చదువు, వదిలేసిన సంగీతం, మూసేసిన వ్యాపారం. వాటి పక్కన ఏడాది వేయండి. ఆ ఏడాది ఇంట్లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. నాన్నకు జబ్బు చేసిన ఏడాది కావచ్చు, ఉద్యోగం పోయిన ఏడాది కావచ్చు, కాన్పు అయిన ఏడాది కావచ్చు. ఆ తలుపును మీరు చేతకాక అలా పెట్టలేదు. దాని అవతల ఉన్న వసారా ఒక భూకంపంలో పోయింది. ఈ మాట మీ తప్పులను కప్పుకోవడానికి చెప్పడం లేదు. నిజంగా మీ తప్పే అయిన చోట, తేదీల కాగితం దాన్ని కూడా దాచకుండా చూపిస్తుంది. అది తప్పు, ఇది దెబ్బ అని వేరు చేసి చూడగలిగిన రోజునే మరమ్మతు ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.

ఈ వారం చేయవలసిన పని

మొదటి రోజు: మీకు మాటలు లేని ఒక మనిషిని ఎంచుకోండి. ఆ మనిషి గురించి మీరు నమ్మే కథ పది వరుసల్లో రాయండి.

రెండో రోజు: ఆ పది వరుసల్లో మీరు కళ్లారా చూసినవాటి కింద ఒక గీత, విన్నవాటి కింద రెండు గీతలు, ఊహించినవాటి కింద మూడు గీతలు గీయండి.

మూడో రోజు: తేదీల కాగితం రాయండి. విశేషణాలు లేకుండా.

నాలుగో రోజు: ఇంట్లో పెద్దవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "అప్పుడు వాళ్లింట్లో పరిస్థితి ఎలా ఉండేది?" బదులు చెబుతున్నప్పుడు మధ్యలో అడ్డురాకండి.

ఐదో రోజు: పాత పెట్టె, బీరువా అర, ఫైలు ఏదో ఒకటి తెరవండి. దస్తావేజు, ఉత్తరం, ఫొటో వెనక రాసిన తేదీ, ఏది దొరికితే అది చూడండి. ఇంటి కాగితాలైతే ఫోనులో ఫొటోలు తీసి ఇంట్లో అందరికీ అందేలా దాచండి.

ఆరో రోజు: మొదటి రోజు రాసిన పది వరుసలను తెలిసినంత మేరకు తిరగరాయండి. తెలియని చోట ఖాళీ వదిలేయండి.

ఏడో రోజు: ఆ మనిషికి ఫోను చేయండి. లెక్కలు తేల్చడానికి కాదు, బాగున్నారా అని అడగడానికి.

చివరగా ఒక్క మాట. సారా వించెస్టర్ తన డబ్బులో పది లక్షల డాలర్లకు పైగా కనెక్టికట్‌లో క్షయరోగుల ఆసుపత్రికి ఇచ్చింది. భర్తను తీసుకెళ్లిన జబ్బు అదే. ఆసుపత్రికి ఆయన పేరే పెట్టించింది. ఆ రాష్ట్రంలో ఊపిరితిత్తుల వైద్యశాల ఒకటి నేటికీ వించెస్టర్ పేరుతోనే నడుస్తోంది. తన డబ్బుతో తాను ఏం చేయదలుచుకుందో ఆమె సంతకం పెట్టి చెప్పిన మాట అది. శాన్ హోసేలో ఆ ఇల్లు చూసి బయటికొచ్చేవాళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. మీరు ఎప్పుడైనా అక్కడికి వెళితే ఆ 44 మెట్లూ నిదానంగా ఎక్కండి. వెంట వచ్చిన పిల్లలకు దయ్యాల కన్నా ముందు ఆమె కీళ్లనొప్పుల గురించి చెప్పండి.